అంచురాయి కాదమ్మా, మండేరాయి

చి. వనజకి,

నువ్వు పంపిన వ్యాసం, కథ రెండూ అందాయి. మీరు, తమరు అని రాస్తే ఉత్తరం కాస్తా దరఖాస్తు అయిపోతుంది, అందుకని నువ్వనే రాస్తున్నాను. ఏమీ అనుకోకు.

కథ మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. మందుల కొట్లో కుర్రాడు గంధకపు కడ్డీని గుప్పిట్లో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంటే లోపల చిటపటమంది అని. బాగుంది. ఈ జవాబు ఆ వాక్యం పుణ్యమే. గంధకం వేడిని చప్పున లోపలికి పోనివ్వదు. అరచేతి వెచ్చదనానికి పైపొర సాగుతుంది, లోపలి భాగం చల్లగానే ఉంటుంది, మధ్యలో స్ఫటికాలు విరుగుతాయి. ఆ చప్పుడు చెవితో విన్నవాళ్ళకే తెలుస్తుంది, నిఘంటువులో ఉండదు.

మరి అంత చెవి ఉన్నదానివి, వ్యాసం మొదటి పేరాలో ఏం రాశావు? "బ్రిమ్ అంటే అంచు, స్టోన్ అంటే రాయి. అగ్నిపర్వతాల అంచున దొరుకుతుంది కనక ఇంగ్లీషువాళ్ళు గంధకాన్ని బ్రిమ్‌స్టోన్ అన్నారు." అది చదివి కాగితాలు పక్కన పడేశాను. సాయంత్రం మళ్ళీ తీశాననుకో.

ముందు ఈ అంచు సంగతి తేల్చుకుందాం. టోపీ అంచుకీ గిన్నె అంచుకీ వాడే 'బ్రిమ్' వేరే మాట, మొదట్లో అది నీటి ఒడ్డుకి పేరు. మన రాయికీ దానికీ చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషు చివరి రోజుల్లో గంధకం పేరు 'బ్రిన్‌స్తాన్'. రెండో సగం రాయి, అది సరే. మొదటి సగం 'బ్రిన్', అంటే మండటం. ఇవాళ్టి 'బర్న్' అనే క్రియకి అదే ఇంటిపేరు. బొగ్గులాగా ఎర్రగా రాజుకోకుండా, కర్రలాగా బూడిద మిగల్చకుండా, పట్టుకుంటే మొత్తం కాలిపోయే రాయి. మండేరాయి. అంతే.

'బ్రిన్' ఎక్కడ, 'బర్న్' ఎక్కడ అంటావేమో. అచ్చుకి ముందున్న రేఫ, అంటే రకారం, అచ్చు తర్వాతకి దూకడం ఇంగ్లీషులో మామూలు. పిట్టని ఒకప్పుడు 'బ్రిడ్' అనేవాళ్ళు, ఇప్పుడు 'బర్డ్'. గుర్రం 'హ్రోస్', తర్వాత 'హార్స్'. 'మూడవ' అనే మాట ఒకప్పుడు 'థ్రిద్దా', తర్వాత 'థర్డ్'. గడ్డి ఎదురు దారిలో నడిచింది, 'గర్స్' కాస్తా 'గ్రాస్' అయింది. మనకి ఇది కొత్తేమీ కాదు. తమిళంలో 'మరం' ఉంటే మన పాత కావ్యాల్లో 'మ్రాను' ఉంది, అదే 'మాను' అయింది. అక్కడ 'ఉరల్', ఇక్కడ 'రోలు'. వారాణసి నోళ్ళలో పడి బనారస్ అయింది. వర్ణవ్యత్యయం అని వ్యాకరణం వాళ్ళు దీనికి పేరు పెట్టారు. తెలుగు తెలిసినవాళ్ళకి ఇంగ్లీషులో రేఫ గంతులేస్తే ఆశ్చర్యం ఉండకూడదు.

ఇక 'న' పోయి 'మ' ఎలా వచ్చింది? మధ్యయుగాల లేఖకులు ఈ మాటని ఒక్క తీరున రాసిన పాపాన పోలేదు. బ్రిన్‌స్టన్, బ్రెన్‌స్టన్, బ్రెమ్‌స్టన్, బ్రుమ్‌స్టన్, బ్రున్‌స్టన్, బర్న్‌స్టన్. ఇన్ని రూపాలున్నాయి. స్కాట్లండులో 'బ్రున్‌స్టేన్' అని చాలాకాలం నిలిచింది. ఈ కలగాపులగానికి కారణం చూడు. వాడుకలో 'బర్న్' గెలిచింది, 'బ్రిన్', 'బ్రెన్' అనే క్రియారూపాలు చచ్చిపోయాయి. సమాసంలో ఉన్న 'బ్రిన్'కి బయట తోడు లేకుండా పోయింది. అది మండటానికి సంబంధించిందని జనానికి గుర్తు లేనప్పుడు 'బ్రిన్' అన్నా 'బ్రిమ్' అన్నా అడిగేవాడెవడు? తెలిసిన మాటలాగా వినిపించే రూపమే చివరికి నిలబడింది.

మన దగ్గర 'చెంబు' అలాంటిదే. 'చెం' అంటే ఎరుపు, ఎర్రటి లోహం రాగి, తమిళంలో ఇప్పటికీ 'సెంబు' అంటే రాగే. స్టీలు చెంబు అంటున్నప్పుడు మనకి ఎరుపూ గుర్తు రాదు, రాగీ గుర్తు రాదు. 'కొవ్వొత్తి'లో కొవ్వు ఉందని ఎవరైనా తలుచుకుంటారా? పైకి కనిపిస్తూనే ఉంది, అయినా తలుచుకోం. రేపు ఇంకో భాషవాడు చెంబుని విడగొట్టి 'చెంప దగ్గర పెట్టుకుని తాగేది' అని రాస్తే నీకెలా ఉంటుంది? నీ అంచురాయి చదివి నాకు అలా ఉంది.

నిజానికి అగ్నిపర్వతపు పగుళ్ళ చుట్టూ గంధకం పచ్చగా పేరుకున్న మాట వాస్తవమే. నేపుల్స్ దగ్గర పొజ్జువోలీలో సోల్ఫతారా అనే చోట అలాగే ఉంటుంది. నీ ఊహ నమ్మేటట్టు ఉండటానికి అదే కారణం. కానీ ఆ పేరు పెట్టిన ఇంగ్లీషు పల్లెటూరివాడు అగ్నిపర్వతాన్ని ఎన్నడూ చూసినవాడు కాడు. వాడికి గంధకం ఎక్కడి నుంచో వచ్చిన సరుకుగానే దొరికేది. వాడు చూసిందల్లా అది మండటం. మాట ఎవరి నోట పుట్టిందో వాళ్ళ కళ్ళ ముందు ఏముందో ముందు కనుక్కోవాలి, నీ కళ్ళ ముందున్న ఫొటో కాదు.

నేనయితే ఇలా చేస్తాను. ముందు ఆ మాటకి దొరికిన పాత రూపాలన్నీ ఒక కాగితం మీద కాలక్రమంలో నిలువుగా రాసుకుంటాను. ఇవాళ్టి రూపాన్ని వాటి అడుగున రాస్తాను, పైన కాదు. తర్వాత పక్కింటి భాషల్లో దాని తోబుట్టువులెవరో చూస్తాను. బ్రిమ్‌స్టోన్‌కి ఈ ఒక్క పనితోనే చిక్కుముడి వీడిపోతుంది. ఐస్‌లాండులో గంధకాన్ని ఇవాళ్టికీ 'బ్రెన్నిస్టైన్' అనే అంటారు. అచ్చంగా మండేరాయి, ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. జర్మన్‌లో 'బెర్న్‌స్టైన్' ఉంది, అదీ మండేరాయే, కానీ అక్కడ అది గంధకం కాదు, అంబరు. చెట్టు జిగురు యుగాల తరబడి గట్టిపడి రాయిలా అయిన పదార్థం. దాన్ని కాలిస్తే సాంబ్రాణిలాంటి వాసన, దీన్ని కాలిస్తే దగ్గు. పేరు ఒకటే, సరుకు వేరు. ఈ సంగతి తెలియక జర్మన్ నుంచి చేసిన అనువాదంలో అంబరు హారాన్ని గంధకపు హారం చేసేస్తే ఆ కథానాయిక మెడ ఏం కావాలి? జర్మన్‌లో గంధకానికి వేరే మాట ఉంది, 'ష్వేఫెల్'. దాని చెల్లెలు 'స్వెఫెల్' పాత ఇంగ్లీషులోనూ ఉండేది. మండేరాయి దాన్ని వెళ్ళగొట్టింది. తర్వాత 14వ శతాబ్దంలో ఫ్రెంచి మీదుగా లాటిన్ 'సల్ఫర్' వచ్చి మండేరాయిని మెల్లగా పక్కకి జరిపింది.

మూడో పని, అక్షరం మారిందని నువ్వు చెప్పే తీరు ఆ భాషలో ఇంకో నాలుగు మాటల్లో కూడా కనబడాలి. బర్డ్, హార్స్ అన్నీ అందుకే చెప్పాను. ఒక్క మాటలోనే జరిగిందంటే అది నియమం కాదు, నీ అవసరం. నాలుగోది ఆఖర్న చెబుతాను, దానికి గరిటె కావాలి.

ఇక రెండో పేజీ. "లాటిన్ సల్ఫర్ మన శుల్బారి నుంచి పుట్టిందని శాస్త్రజ్ఞులు తేల్చారు." ఎవరమ్మా తేల్చింది? ఇది పాఠ్యపుస్తకాల్లో పడింది, ఫోన్లలో తిరుగుతోంది, ఆదివారం అనుబంధాల వాళ్ళు ఏడాదికోసారి కళ్ళకద్దుకుని అచ్చేస్తారు. వ్యుత్పత్తి మీద ఒళ్ళొంచి రాసిన వ్యాసం పంపితే 'పాఠకులకి బరువండీ' అంటారు, ఇలాంటి చిట్కా పంపితే మర్నాడే రంగుల బొమ్మతో వస్తుంది. ప్రపంచంలో ప్రతి మాటా మనింట్లోంచే వెళ్ళిందంటే చాలు, రుజువు అడిగేవాడుండడు.

శుల్బారి సంస్కృతంలో ఉన్న మాటే, కాదనను. శుల్బం రాగి, అరి శత్రువు. రాగికి శత్రువు గంధకం. ఎంత చక్కని పేరో తెలియాలంటే రాగి రేకు ముక్క మీద గంధకం చల్లి వేడి చేసి చూడు. మెరిసే రాగి నల్లబడుతుంది, వేళ్ళతో నొక్కితే పెళుసుగా విరుగుతుంది. రసవైద్యులు దీన్ని లోహాన్ని 'చంపడం' అన్నారు, మారణం. అంత చూసి పెట్టిన పేరు అది. కానీ అది లాటిన్‌కి ఎలా వెళుతుంది? క్రీస్తుకి పూర్వం 149లో చనిపోయిన రోమన్ రచయిత కేటో, ద్రాక్షతోటల్లో పురుగుకి మందు చెబుతూ ఒలీవ మడ్డితో పాటు తారూ, గంధకమూ కలపమన్నాడు. లాటిన్‌లో దాని పాత రూపం 'సుల్పుర్'. అందులో 'ప' ఉంది, 'ఫ' లేదు. 'ఫ' తర్వాత గ్రీకు సోకుతో వచ్చిన రాత. శుల్బారి కనిపించే రసగ్రంథాలూ నిఘంటువులూ అతని తర్వాత ఎన్నో వందల ఏళ్ళకి వచ్చినవి. పైగా లాటిన్ మాట్లాడేవాళ్ళకి సిసిలీలో కాళ్ళ కిందే గంధకం ఉంది. కాళ్ళ కింద ఉన్న రాయికి పేరు కోసం సముద్రాలు దాటి వస్తారా? అన్నట్టు, యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బ సూత్రాల్లోని శుల్బం రాగి కాదు, కొలతాడు. అక్షరాలు అవే అయినా మాట అదే కానక్కర్లేదని సంస్కృతమే చెబుతోంది.

ఇలాంటి ఉచ్చు గ్రీకులోనూ ఉంది. గంధకం 'థెయోన్', దేవుడికి సంబంధించినది 'థెయోస్'. దేవతల రాయి అని రాయడానికి చెయ్యి దురద పెడుతుంది. హోమర్‌లో ఒడిస్సియస్ శత్రువుల్ని చంపాక దాదిని పిలిచి గంధకం, నిప్పు తెమ్మని ఇల్లంతా పొగ వేయిస్తాడు కదా, అక్కడ ఆ మాట పాత రూపం 'థేయియోన్'. దేవుడి మాటతో అది కలవదు. పండితులు దాన్ని పొగకి సంబంధించిన ధాతువుతో ముడిపెడతారు. మన ధూమమూ లాటిన్ 'ఫూముస్' కూడా ఆ పొగ కుటుంబంవే. సంస్కృతంతో చుట్టరికం కావాలనుకుంటే ఆ పొగలో వెతుకు. రసాయనశాస్త్రంలో 'థయో' అని మొదలయ్యే పేర్లన్నీ, థయోయూరియా దగ్గర్నుంచి, ఈ థెయోన్ పిల్లలే.

మూడో పేజీలో గంధకం అంటే సుగంధం కలది, మన గంధపుచెక్క లాంటిది అన్నావు. గంధం అంటే సంస్కృతంలో వాసన, మంచిదైనా చెడ్డదైనా. తెలుగులో మనం దాన్ని చందనానికి కట్టిపడేశాం, నీ తప్పు అక్కడ వచ్చింది. అమరకోశంలో గంధకానికి గంధాశ్మ అని ఉంది, అశ్మ అంటే రాయి. ఇంగ్లీషువాడు మంటని పట్టుకుని రాయి అన్నాడు, సంస్కృతం వాసనని పట్టుకుని రాయి అంది. ఇంత పచ్చటి పదార్థాన్ని చూసి ఈ ఇద్దరిలో ఒక్కరూ రంగుతో పేరు పెట్టలేదు, గమనించావా? ఇంగ్లండులో రంగు పేరు తర్వాత ఎదురు దిశలో వచ్చింది, పచ్చటి రెక్కల సీతాకోకచిలుక ఒకటి బ్రిమ్‌స్టోన్ అయింది. అదే అమరంలో ఆ వెంటనే 'సౌగంధిక' అని ఇంకో పేరు. భీముడు ద్రౌపది కోసం వెళ్ళి తెచ్చిన పువ్వు పేరు కూడా అదే. వైద్యగ్రంథంలో 'సౌగంధికాన్ని నేతిలో కరిగించి' అని చదివి పువ్వుని పొయ్యి మీద పెట్టకు. గంధకశుద్ధి అది. గంధకాన్ని నేతిలో సన్నసెగ మీద కరిగించి, పాలగిన్నె మీద గుడ్డ కట్టి అందులోకి వడపోసి, వేణ్ణీళ్ళతో కడుగుతారు. సెగ ఎక్కువైతే నెయ్యి పొగలేస్తుంది, గంధకం అంటుకుంటుంది.

బ్రిమ్‌స్టోన్ బైబిలు మాట అని తీర్మానించావు. ఇవాళ మామూలు ఇంగ్లీషులో అక్కడే మిగిలింది కాబట్టి అలా అనిపిస్తుంది. సొదొమ, గొమొఱ్ఱాల మీద కురిసింది హీబ్రూలో 'గోఫ్రీత్', 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో బ్రిమ్‌స్టోన్, మన తెలుగు బైబిల్లో గంధకం. ఆ గోఫ్రీత్‌కి అరబ్బీ బంధువు 'కిబ్రీత్', దానికి ఇప్పుడు అగ్గిపుల్ల అని కూడా అర్థం. కానీ 1611కి రెండు వందల ఏళ్ళ ముందే ఇంగ్లీషు కవి చాసర్ కావ్యంలో రసవాది బంటు, వాళ్ళు 'ఆత్మలు' అని పిలిచే నాలుగు పదార్థాలు లెక్కపెడతాడు: పాదరసం, హరిదళం, నవాసారం, బ్రిమ్‌స్టోన్. ఈ నాలుగూ మన మూలికల కొట్లో పొట్లాం కట్టి ఇచ్చే సరుకులే. అదే కావ్యంలో ఇంకొకడి మొహం మీది పుండ్లకి బ్రిమ్‌స్టోన్ రాసినా తగ్గలేదని ఉంటుంది. అది కొట్టు మాట, పూత మందు మాట. ప్రసంగాల్లో నరకాగ్నికి వాడీ వాడీ దానికి ఆ మసి పట్టింది. వర్తకంలో మాత్రం 19వ శతాబ్దంలో కూడా బ్రిమ్‌స్టోన్ అంటే శుద్ధ గంధకం, ఇనుమూ గంధకమూ కలిసి ఉండే పైరైట్ అనే ఖనిజం కానిది. 1838లో సిసిలీ రాజు గంధకం వ్యాపారాన్ని ఒక ఫ్రెంచి కంపెనీ చేతిలో పెట్టాడు, ధర పెరిగింది, 1840లో బ్రిటన్ యుద్ధనౌకలు పంపేదాకా వెళ్ళింది. ఈలోగా ఇంగ్లండులో గంధకామ్లం తయారీదారులు పైరైట్ వైపు మళ్ళారు. అప్పటి ధరల పట్టికల్లో బ్రిమ్‌స్టోన్ ఆమ్లం, పైరైట్ ఆమ్లం అని వేరువేరుగా కనిపిస్తే నరకం సంగతి తలుచుకోకు.

నీ కథ 1760లో జరుగుతోంది. అనువాద వాక్యాలు కొన్ని అందులో దూర్చావు, వాటి గురించి.

బ్రిమ్‌స్టోన్‌ని 'నిప్పురాయి' అన్నావు. వ్యుత్పత్తికి దగ్గరే, తెలుగుకి దూరం. నిప్పురాయి అంటే మనవాళ్ళకి చెకుముకి తోస్తుంది. అది నిప్పు పుట్టిస్తుంది, తను మండదు. ఇది నిప్పు పుట్టించదు, మండుతుంది. పుట్టుక చెప్పేటప్పుడు మండేరాయి అను, కథలో మాత్రం గంధకం అనే రాయి. 'సల్ఫర్ అని మార్చండి, పాఠకులకి గంధకం తెలియదు' అని నా అనువాదమొకటి అడుగడుగునా దిద్దిన ఒక సంపాదకుడున్నాడు, పేరెందుకులే. సున్నిపిండి, సురేకారం, పటిక తెలిసిన పాఠకుడికి గంధకం తెలియదా!

'ఫ్లవర్స్ ఆఫ్ బ్రిమ్‌స్టోన్' గంధకపు పువ్వులు కాదు. గంధకాన్ని మరగబెట్టి ఆవిరిని చల్లటి గదిలోకి పంపితే గోడలకి మెత్తటి పచ్చపొడి అంటుకుంటుంది, దాన్నే రసవాదులు పువ్వు అన్నారు. 'గంధకపు పొడి' చాలు. అచ్చుల్లో పోస్తే వచ్చేది కడ్డీ. మందుల్లోకి పొడి, నీ కుర్రాడి చెవి దగ్గరకి కడ్డీ.

'ట్రీకిల్' తేనె కాదు. డికెన్స్ నికొలస్ నికల్‌బీలో బడి పంతులు పెళ్ళాం పిల్లలకి వరసగా నోట్లో కుక్కేది గంధకం కలిపిన చెరకు మడ్డి. నల్లగా, జిగటగా ఉంటుంది. అది తింటే ఆకలి చస్తుంది, తిండి ఖర్చు తగ్గుతుంది, అదీ ఆవిడ లెక్క. నువ్వు తేనె అనేసరికి పిల్లలకి ప్రసాదం పెట్టినట్టయింది.

'షి ఈజ్ ఎ బ్రిమ్‌స్టోన్' అన్నచోట 'ఆమె ఒక గంధకం' అని రాశావు. 18వ శతాబ్దపు వీధి ఇంగ్లీషులో ఆ తిట్టుకి అర్థం గయ్యాళి. గయ్యాళి అనే రాయి. ఇంకా మంటే కావాలంటే 'నోరు కాదు కొరివి' అను.

అన్నిటికన్నా పెద్దది అగ్గిపుల్ల. నీ కథలో పనిపిల్ల గంధకపు పుల్లని గోడకి గీసి దీపం వెలిగించింది. 1760లో గోడకి గీస్తే ఏమీ కాదు. గీస్తే మండే పుల్లలు 1827లో గానీ అమ్మకానికి రాలేదు. స్టాక్టన్‌లో జాన్ వాకర్ అనే మందుల కొట్టాయన అమ్మాడు. అంతకుముందు గంధకపు పుల్ల అంటే చివర కరిగిన గంధకంలో ముంచిన సన్నటి చెక్కపుడక, అంతే. దానికి నిప్పు ఇంకెక్కడి నుంచో రావాలి. ఆ పిల్ల ఒక రేకు డబ్బా తీస్తుంది. అందులో సగం కాల్చి నల్లబరిచిన నారగుడ్డ ఉంటుంది. చెకుముకి రాయి అంచుని ఉక్కుముక్కతో గీరుతుంది, రవ్వలు గుడ్డ మీద పడతాయి, ఒకటి పట్టుకుని ఎర్రటి చుక్కలా పాకుతుంది. మంట రాదు, చుక్క మాత్రమే. ఊదుతూ దానికి పుల్ల చివర ఆనిస్తుంది. గంధకం కరిగి, సన్నటి నీలిమంట లేచి, కాసేపటికి చెక్క అంటుకుని మంట పసుపు రంగులోకి తిరుగుతుంది. అప్పుడు దీపం. గుడ్డ చెమ్మగిల్లితే రవ్వ పట్టదు. వాన పడే చలికాలం తెల్లవారుజామున చీకట్లో వేళ్ళు కొంకర్లు పోతుంటే పావుగంట గీరుతూ కూర్చోవాలి. నీ కథలో ఆ పిల్ల యజమానురాలి చేత తిట్లు తినడానికి కారణం వెతుక్కున్నావు, దొరకలేదు. ఇదిగో కారణం.

మంట రంగు కూడా తప్పింది. "పచ్చటి మంట లేచి కుళ్ళిన గుడ్ల కంపు కొట్టింది" అన్నావు. ముద్ద పసుపు, మంట నీలం. పగటి వెలుగులో ఆ నీలం కనపడనే కనపడదు. కుళ్ళిన గుడ్ల కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, వేడినీటి బుగ్గల దగ్గర, మురుగు దగ్గర వచ్చేది. మండే గంధకం వాసన అగ్గిపుల్ల గీసిన మరుక్షణం ముక్కుకి తగిలేది, దానికి వంద రెట్లు. ముక్కు మండుతుంది, గొంతు పట్టేస్తుంది, కళ్ళు నీళ్ళు కారుతాయి. మండించని ముద్దకయితే చెప్పుకోదగ్గ వాసనే ఉండదు.

ఇప్పుడు గరిటె. ఆయుర్వేద మూలికల కొట్లో గంధకం దొరుకుతుంది. శనగగింజంత చాలు, అంతకు మించి వద్దు. మళ్ళీ వంటకి వాడని ఇనప గరిటె తీసుకో. ఆరుబయట, చీకటి పడ్డాక, గాలి నీ వీపు వైపు నుంచి వీచేటట్టు నిలబడు. ఉబ్బసం ఉన్నవాళ్ళని దగ్గరకి రానివ్వకు. గరిటెని సన్నసెగ మీద పట్టు. 115 డిగ్రీల దగ్గర కరుగుతుంది, లేత తేనెలా పల్చగా అటూ ఇటూ పారుతుంది. 160 దాటితే విచిత్రం జరుగుతుంది. మామూలుగా ఏదైనా వేడెక్కేకొద్దీ పల్చబడుతుంది కదా, ఇది ఎర్రబడి చిక్కబడుతుంది. 190 చుట్టుపక్కల గరిటె బోర్లించినా కారనంత చిక్కన. గంధకం అణువులు ఎనిమిదేసి పరమాణువుల ఉంగరాలుగా ఉంటాయి. ఆ వేడికి ఉంగరాలు తెగి పొడుగాటి గొలుసులై ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, అందుకే ఆ జిగురు. ఇంకా వేడి చేస్తే గొలుసులూ తెగి మళ్ళీ జారుతుంది. అప్పుడు చల్లనీళ్ళలో పోస్తే రబ్బరులా సాగే ముద్ద వస్తుంది, కొద్ది రోజుల్లో మళ్ళీ పెళుసెక్కుతుంది. సెగ తొందరపెడితే ఈ దశలేవీ చూడకుండానే అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్ళు చిలకరించకు, చిమ్ముతుంది. మూత పెట్టి గాలి ఆపు. ఆ నీలిమంట మాత్రం ఒక్క క్షణం చూడు, పాత ఇంగ్లీషువాడు ఆ పేరు ఎందుకు పెట్టాడో నీకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

వస్తువు చూడకుండా మాట మార్చే జబ్బు నీ ఒక్కదానికే లేదు, ఊరడించడానికి చెబుతున్నాను. వ్యవసాయ పేజీల్లో మామిడి, మినుము పంటల బూడిద తెగులుకి "నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు" అని ఏళ్ళ తరబడి రాస్తున్నారు. గంధకం నీటిలో కరగదు. ఇంగ్లీషులో ఉన్న మాటకి అర్థం 'తడిసేది' అని. ఆ పొడి నీళ్ళలో తేలకుండా తడిసి, అంతటా చెదిరి ఉండేటట్టు తయారుచేస్తారు, అంతే. కరుగుతుందని నమ్మిన రైతు డబ్బాలో పోసి ఊరుకుంటాడు, పొడి అడుక్కి దిగుతుంది, నాజిల్ మూసుకుపోతుంది, మొదటి చాళ్ళకి చిక్కన, ఆఖరి చాళ్ళకి వట్టి నీళ్ళు. ముందు కొద్ది నీళ్ళతో ముద్దలా కలుపుకుని, తర్వాత పూర్తి నీళ్ళు పోసి, కొడుతున్నంతసేపూ కలియబెడుతుండాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో కొడితే ఆకు మాడుతుంది. 'తడిపొడి గంధకం' అనో 'నీళ్ళలో కలిసే గంధకం' అనో రాయమని ఎన్నిసార్లు మొత్తుకున్నా, 'అలవాటైపోయిందండీ' అంటారు.

పుస్తకం వెయ్యాలా, కలం పేరు పెట్టుకోవాలా, రోజుకి ఎన్ని పేజీలు రాయాలి అని చాలా అడిగావు. అవి తర్వాత చూద్దాం. వ్యాసంలో మొదటి మూడు పేజీలు కొట్టేసి మళ్ళీ రాయి. 'గంధకాయ నమః' అన్న శీర్షిక తీసెయ్యి. కథలో గోడ, మంట, తేనె, ఆ తిట్టు, ఈ నాలుగూ దిద్దు. పనిపిల్ల చేతికి డబ్బా ఇయ్యి. చెవి దగ్గర కడ్డీ చిటపటమన్న వాక్యం జోలికి మాత్రం వెళ్ళకు. దిద్దేవాళ్ళు అది కథకి అడ్డమంటారు, తీసెయ్యమంటారు, అయినా ఇవ్వకు. ఆ కడ్డీ ఇంకా నీ దగ్గర ఉంటే చలికాలం పొద్దున్నే ఇంకోసారి చేతిలోకి తీసుకుని విను, ఎండాకాలం కంటే గట్టిగా వినిపిస్తుంది. నీ కథలో కాలం డిసెంబరే కదా.

ఉంటాను.